మొదటి లైనులో శ్రీ

1988 మార్చి 21, సోమవారం
కంప్యూటరు మళ్ళీ బయటికి గెంటింది. పేరు కొడతాను, పాస్‌వర్డ్ కొడతాను — ఏదో లైను మెరిసి మాయం. మళ్ళీ పేరడుగుతుంది. పొద్దున్నుంచీ ఇదే గోల. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు మిరప టిక్కీలు, అదే బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో ఈ కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. రిజిస్టర్లు మాన్పించింది ఓనరు గారే. తిట్లు మాత్రం నాకు.

మంగళవారం
సత్తెనపల్లి రైతొకాయన బల్ల మీద చరిచాడు. "ట్రాక్టరేసుకొచ్చానమ్మా! నా కాయలేయి? ఆ డబ్బా మింగిందా?"
ఓనరు గారు అందరి ముందూ — "శనివారానికి బాగవకపోతే ఇంక రామాక, సారమ్మా."
ఇంట్లో జీతం నాదొక్కటే. అమ్మకి చెప్పలేదు.

బుధవారం
రెప్ప వేయకుండా చూశా. మెరిసేది "నాట్ ఫౌండ్". ఏది దొరకలేదే తల్లీ, చెప్పి చావు!

గురువారం
హైదరాబాదుకి ట్రంక్ కాల్. ఈ కంప్యూటరు పెట్టిన ఇంజనీరు గారు — "మూడక్షరాలు కొడితే మిగతా కమాండు అదే పూర్తి చేసే ఫైలు రాసిచ్చానే... లాగిన్ అవగానే ముందు దాన్నే చదువుతుంది. ఒక్క లైను అర్థం కాకపోయినా బయటికి పంపేస్తుంది. ఎవరన్నా ముట్టుకున్నారా?"
నేను ముట్టుకోలేదు. మాస్టర్ పాస్‌వర్డ్‌తో వెళ్తే ఆ ఫైలు చదవదట, అలా లోపలికెళ్ళి చూడాలట. అది ఓనరు గారి దగ్గరే ఉంది.

శుక్రవారం
బతిమాలితే ఓనరు గారే పాస్‌వర్డ్ కొట్టారు, నన్ను అటు తిరగమని. ఫైలు తెరిచా. మొదటి లైనులో ఇంగ్లీషు అక్షరాల్లో — శ్రీ. మొన్న కొత్త లెక్కల పూజనాడు ఆయనే టైపు చేశారట. "శ్రీ రాయకుండా ఏ పుస్తకమన్నా మొదలెడతామా?"
మెషీను అదేదో కమాండనుకుని వెతుకుతోంది. తీసేద్దామండీ అన్నా.
గుమాస్తా గారు నా మెడలో సిలువ చూసి — "నువ్వా అమ్మాయ్, శ్రీ తీసేది?"
ఇదే మాట ఇంకెవరన్నా అనుంటే సరే కానీయమనేవాళ్ళు. ప్రభువా, ముందు నుయ్యి వెనక గొయ్యి.

శనివారం
దారి దొరికింది! శ్రీకి ముందు హాష్ గుర్తు, అదే #. మెషీను ఆ లైను వదిలేస్తుంది, శ్రీ ఎక్కడికీ పోదు. సంబరంగా ఓనరు గారికి చూపించా.
"దేవుడి పేరుకి ముందు ఆ కంచె ఏంటి?"
"మెషీను చదవకుండానండీ..."
నోరు జారాక తెలిసింది.
"చదవకూడదా? శ్రీ చదవకూడదా?!"
భోజనానికి వెళ్ళారు. వచ్చేలోగా ఆ గుర్తు ఉండకూడదట, మెషీను నడవాలట. రెండూ! ఎలా? బయట రైతులు అరుస్తున్నారు. కర్సరు ఆ గుర్తు మీదే ఉంది. తీస్తే మెషీను ఆగుతుంది, ఉంచితే ఉద్యోగం పోతుంది; ఇంకా తియ్యలేదు.
గేటు దగ్గర స్కూటరు చప్పుడు — ఆయనే...