కండె భయం తీస్తానన్నాను

ఫిబ్రవరి 2

నూలు దుకాణం సేటు ఇచ్చిన డైరీ ఇది. నెల రోజులుగా రేడియో కింద ఉంది. ఇవాళ తీశాను. రాయడానికి పని పడింది.

పని ఏమిటంటే, మా కుందేలుకు భయం పోగొట్టాలి.

దాని పేరు కండె. తెల్లగా, నిండుగా నూలు చుట్టిన కండెలా ఉంటుందని నా భార్య రాజవ్వ ఆ పేరు పెట్టింది. కిందటేడు వేములవాడ జాతరలో కొన్నది. మనుమలకు అన్నది. మనుమలు చూసి పోయారు. కండె ఉండిపోయింది. తంగళ్ళపల్లిలో మా ఇంటి ముందు రేకుల షెడ్డు. అందులో రెండు సాంచాలు. కరెంటు మగ్గాలను మేం సాంచాలంటాం. వాటి కిందనే పెరిగింది. రాజవ్వ నాతో అనని మాటలు దానితో అంటుంది. "నా బంగారం" అనేది అందులో ఒకటి.

దాని ముందు పళ్ళు పెరిగి వంకర తిరిగాయి. నమలలేకపోతోంది. ఇవాళ సిరిసిల్ల పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు హనుమంత రావు సారు, జగిత్యాల వైపు మనిషి. బల్ల మీద పెట్టగానే కండె కట్టెలా బిగుసుకుపోయింది. గుండె ఒక్కటే కొట్టుకుంటోంది, బయటికి కనబడేటట్టు. సారు కత్తెర పక్కన పెట్టాడు.

"పెద్దమనిషీ, గింత భయపడ్డదాని నోట్లె కత్తెర పెడ్తే గుండె ఆగి సస్తది. కుందేలు జాతే గంత. రెండు వారాలు సూస్త. భయం తీసి తీస్కరా. పండ్లు కొయ్యకుంటె మాత్రం తిండి లేక సస్తది."

కోస్తే చస్తుంది. కోయకపోతే చస్తుంది. రాజవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను నలుగురిలో మాట్లాడేవాణ్ణి కాదు. ఇవాళ మాట్లాడాను.

"నేను తీస్త."

"ఏంది?" అన్నాడు సారు.

"భయం."

ఇంటికి వచ్చేదాకా రాజవ్వ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఫిబ్రవరి 3

పొద్దున. మొదటి పాఠం, బుట్ట. బుట్ట చూస్తే దవాఖాన గుర్తొస్తుంది. అందుకని బుట్ట అంటే ఇష్టం పుట్టాలి. లోపల కొత్తిమీర సన్నగా తరిగి పెట్టాను. కండె తనంతట తానే ఎక్కింది. ఇంత సులువా!

మధ్యాహ్నం. కొత్తిమీర అయిపోగానే దిగింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎక్కింది, మెల్లగా తిన్నది, దిగింది.

సాయంత్రం. పప్పులోకి కొత్తిమీర లేదు. రాజవ్వ ఏమీ అనలేదు. కండె తిన్నది కదా. నేను తింటే అనేది.

పని బాగా నడుస్తోంది. రెండు వారాలు ఎక్కువే.

ఫిబ్రవరి 5

మా బిడ్డ లీల కోరుట్ల నుంచి వచ్చింది. సాయంత్రం బస్సుకే పోయింది. పోతూ ఒక ఉపాయం చెప్పింది.

"నాయినా, దానికి డాక్టరంటేనే భయం. నువ్వే డాక్టరు లెక్క తయారై రోజు దాని మూతి ముట్టు. అలవాటైతది."

మంచి మాట. తెల్ల ధోవతి భుజాల మీదుగా కప్పుకున్నాను. చేతిలో చెంచా. గొంతు సవరించుకుని సారు అన్నట్టే "ఏమైంది?" అన్నాను. కండె దగ్గరికి వచ్చి చెంచా వాసన చూసింది. ధైర్యం వచ్చింది. మూతి ముట్టాను.

కరిచింది. వంకర పళ్ళతో అంత లోతుకు ఎట్లా కరిచిందో.

ఊళ్ళో డాక్టరు సూది వేయాలన్నాడు. సూది చూసేదాకా గుర్తుంది. తర్వాత చూస్తే బెంచీ మీద పడుకుని ఉన్నాను. రాజవ్వ విసురుతోంది.

"ముందుగాల నిన్ను బుట్టల కూసోపెట్టి కొత్తిమీర పెట్టాలె" అన్నది.

ఫిబ్రవరి 7

వేలికి కట్టు. పాఠం లేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. కండె ఒక్క గెంతుతో జొన్నల గంప వెనక్కి పోయి, వెనక కాలితో నేలను దబదబ కొట్టింది. ఫ్యాను ఆగి ఉక్కపోసింది కావచ్చు, పాపం. విసనకర్రతో విసిరాను. ఇంకా కొట్టింది. కరెంటు రాగానే బయటికి వచ్చింది. ఫ్యాను దాని వైపు తిప్పాను. మాకు చెమట.

ఫిబ్రవరి 8

అసలు సంగతి దొరికింది. ఈ సాంచాల చప్పుడే దాన్ని పిరికిదాన్ని చేసింది. పొద్దస్తమానం టకటక వింటే ఏ గుండె నిలుస్తుంది? దానికి నిమ్మళం కావాలి. రోజూ సాయంత్రం కాసేపు సాంచాలు ఆపాలని నిర్ణయించాను.

రెండో సాంచా నడిపే ఆగయ్య నెత్తి గోక్కున్నాడు.

"బావా, కుందేలు నిమ్మళం కోసం సాంచా ఆపిన అని మా ఇంట్ల చెప్తె నమ్ముతరా? తాగొచ్చిండు అంటరు."

అయినా ఆపాం. ఎవరూ మాట్లాడవద్దన్నాను. రాజవ్వ గిన్నెలు కూడా కడగలేదు. కండె గంప వెనకే. దబదబ. దబదబ.

నిమ్మళం అలవాటు కావడానికి కొంచెం టైం పడుతుంది.

ఫిబ్రవరి 10

రెండు రోజులు నిమ్మళం. రెండు రోజులు దబదబ. బహుశా అమావాస్య దగ్గర పడ్డందుకేమో.

ఫిబ్రవరి 11

నూలు వచ్చింది. తీరలేదు. బుట్ట అల్లిక కూడా ఒకచోట ఊడింది. ఊడిన బుట్టలో పాఠం ఎట్లా చెప్తాం?

ఫిబ్రవరి 12

దారి అలవాటు చేద్దామని ఊడిన బుట్టను కట్టి, కండెను పెట్టి, పైన బట్ట కప్పి మానేరు వంతెన దాకా నడిచాను. ఎక్కడా లేనిది, ఇవాళే నక్సలైట్ల కోసం పోలీసుల తనిఖీ. బయటి నుంచి వచ్చిన జవాన్లు.

"ఏయ్ ముసలాయనా, ఆగు. ఏముంది బుట్టలో?"

కుందేలు అనాలి. మూడక్షరాలు. నోరు తెరిచాను. రాలేదు.

బుట్ట తనంతట తాను కదిలింది. జవాన్లు వెనక్కి గెంతారు. ఒకాయన నేల మీద పడుకున్నాడు. ఇంకొకాయన తుపాకి ఎత్తాడు. నేను కూడా చేతులెత్తాను. బుట్ట చేతిలోనే ఉంది, కాబట్టి బుట్ట కూడా లేచింది. బట్ట జారి రెండు చెవులు బయటికి వచ్చాయి.

"కుందేలు" అన్నాను.

"మాకు కనబడుతోంది" అన్నాడు తుపాకి ఎత్తినాయన. "ఎక్కడికి?"

"డాక్టరు. భయం..."

"భయం దానికా, నీకా?"

వెనక్కి వచ్చాను. రాజవ్వకు చెప్పలేదు. ఎట్లా తెలిసిందో, సాయంత్రానికి ఆగయ్య వాడకంతా చెప్పాడు. తుపాకులు మాత్రం రెండు నుంచి పది చేశాడు.

ఫిబ్రవరి 13

నా వల్ల కాదు.

కండె తినడం మానేసింది. రాజవ్వ ఆకు మెదిపి వేలితో పెడితే నాకుతోంది, అంతే. ఎత్తి చూశాను. నూలు అయిపోయిన కండెలా తేలిక. రాజవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 15

బంద్. ఎక్కడో ఎన్‌కౌంటరైందట. అడవిలో అన్నలు గోడలకు కాగితాలు అంటించారు. ఊళ్ళో ఒక్క సాంచా తిరగడం లేదు. బజారులో కోడి నడిచినా వినబడుతోంది.

నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. సాంచాలు ఆగాయంటే ఏదో అయిందని లెక్క. మా ఊళ్ళో అందరికీ అంతే. రాజవ్వ తలుపు సందులోంచి చూసి వస్తోంది, మళ్ళీ పోతోంది. కండె గంప వెనక.

ఏం తోచక నాడె చేతిలోకి తీసుకున్నాను. నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ పోగు మోసే కట్టె. దానితో మంచం కోడు మీద కొడుతూ కూర్చున్నాను. టకటక. టకటక. కొంచెం ప్రాణం కుదుటపడింది.

రాజవ్వ నా మోకాలు తట్టి కిందికి చూపించింది.

కండె నా కాళ్ళ దగ్గర ఉంది. వెనక కాళ్ళు బారచాపి, చెవులు వాల్చి పడుకుంది.

ఆపాను. లేచింది. కొట్టాను. పడుకుంది.

దవాఖానలో సాంచా లేదు. అదీ దాని భయం. ఇన్ని రోజులు నిమ్మళమని దాన్ని భయంలో పెట్టి, పైనుంచి విసనకర్రతో విసిరాను.

"నిన్ను జూసే నేర్సుకున్నది" అన్నది రాజవ్వ. "సాంచా ఆగితె ఇద్దరికి ఊపిరాడది."

ఫిబ్రవరి 16

బుట్ట, సంచిలో నాడె, కొట్టడానికి చెక్క. రాజవ్వ కూడా వచ్చింది. వంతెన మీద అదే జవాను.

"కుందేలు" అన్నాను, అడగకముందే.

ఆయన సంచిలో చెయ్యి పెట్టి నాడె తీశాడు. "ఇదేంటి? రెండు కొసలా ఇనుప మొనలు."

"గది బట్ట నేసేది సారూ" అన్నది రాజవ్వ. "మీ అంగీ గుడ్డ గూడ గసొంటి దానితోనే నేసిండ్రు."

ఆయన తన అంగీ చూసుకున్నాడు. అయినా ఇవ్వలేదు. "నిన్న బంద్, ఇవాళ ఇనుప మొనలా? తిరిగొచ్చేటప్పుడు తీసుకో."

దవాఖాన నిండా బర్రెలు, మేకలు, మనుషులు. బంద్ మరునాడు కదా, ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. కండెను బల్ల మీద పెట్టాం. కట్టెలా బిగుసుకుంది. ఉత్త చేత్తో చెక్క మీద కొట్టి చూశాను. దబదబ అంది, టకటక అనలేదు. ఇంకా బిగుసుకుంది.

"ఏం తీసినవ్ పెద్దమనిషీ భయం?" అన్నాడు సారు. కత్తెర పక్కన పెట్టాడు.

రాజవ్వ నా వైపు చూసింది.

"టక్" అన్నాను.

"ఏంది?"

"టకటక టకటక టకటక."

నోటితో. నలుగురిలో. బర్రెలు కూడా తల తిప్పాయి. నా చెవులు కాలిపోతున్నాయి. కండె చెవి ఒకటి కదిలింది. ఒకటే.

"ఒక్క సాంచాకు అది నమ్మది" అన్నది రాజవ్వ. "మన ఇంట్ల రెండున్నయ్." కొంగు నడుముకు చెక్కి తనూ అందుకుంది. "టకాటక టకాటక టకాటక."

రెండో చెవి వాలింది. వెనక కాళ్ళు చాపింది. సారు కత్తెర తీశాడు. నేను ఊపిరి కోసం ఆగాను. కండె బిగుసుకుంది.

"ఆపకు, ఆపకు" అన్నాడు సారు.

ఎల్లంతకుంట నుంచి బర్రెను తెచ్చినాయన వెనక నుంచి అన్నాడు. "ఓ తాతా, నీ సాంచా పోగు తెగింది, సూస్కో."

అందరూ నవ్వారు. నవ్వనీ. నేను పోగు అతికించి మళ్ళీ నడిపాను. కటుక్కుమంది. పన్ను రాలింది. టకటక. ఇంకోటి రాలింది.

రాజవ్వ కండెను ఎత్తుకుని, "నా బంగారం" అన్నది. నా దిక్కు చూసి అన్నది. కండెనే కావచ్చు.

వంతెన మీద జవాను నాడె తిరిగి ఇచ్చాడు. "పోయిందా భయం?"

"పోలే. చప్పుడు చేసిన."

"ఎలా?"

చేసి చూపించాను. తుపాకులున్నవాళ్ళ నడుమ నిలబడి. వాళ్ళు నవ్వారు. ఒకాయన ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చేశాను.

ఫిబ్రవరి 17

పొద్దున. కండె గడ్డి తింటోంది. కరకర.

పళ్ళు మళ్ళీ పెరుగుతాయట. వచ్చే నెల మళ్ళీ తేవాలన్నాడు సారు. సిరిసిల్లలో నా పేరు టకటక తాత అయిందని ఆగయ్య చెప్పాడు. ప్రతి నెలా ఆ పని నా వల్ల కాదు. అందుకని ఈసారి నిజంగా భయం తీస్తాను. నిమ్మళం అలవాటు చేస్తాను, కొంచెం కొంచెంగా. ఇవాళే మొదలు.

మధ్యాహ్నం. సాంచాలు ఆపాం. "మల్ల షురువా, బావా?" అని ఆగయ్య దండం పెట్టాడు.

నిమ్మళం. కండె గంప వెనక్కి పోయింది. దబదబ. చప్పుడు ఒకటి కాదు, రెండు వినబడ్డాయి. కిందికి చూశాను. రెండోది నా కాలే.

రాజవ్వ లేచి పోయి స్విచ్ వేసింది.

సాయంత్రం. పాఠం రేపటి నుంచి. మొదట బుట్ట. ఈసారి కొత్తిమీర రెండు కట్టలు, పప్పులోకి వేరే. సాంచాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి.