మల్లి పోయింది, నేను బాగున్నాను

అక్కా, నేను క్షేమం, కంగారు పడకు. కుంటుతోందని పెళ్లి ఊరేగింపులవాళ్లు గోపన్‌పల్లి దగ్గర వదిలేస్తే, నేను తెచ్చి సాకిన ముసలి గుర్రం మల్లి సోమవారం పొద్దున నా చేతిలో బెల్లం తింటూనే కూలబడి ప్రాణం విడిచింది. మాదాపూర్‌లో నేను కాపలా కాసే బిల్డింగు కూలీలంతా పని ఆపి సైటు వెనక గుంట తీశారు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. పక్క గుడిసె చంద్రమ్మ రొట్టె తెచ్చి గద్దించింది: "దెబ్బలు తిన్న జీవి అన్నా! నీ దగ్గర మూడేండ్లు కడుపునిండ తిన్నది. ఇంకేం గావాలె దానికి? లే, తిను." తిన్నాను. మనసు నిమ్మళమైంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. చలికాలం మల్లికి కప్పిన గొంగడి ఉతికి ఆరేశాను, దసరాకు తెస్తాను. గుర్రందని పక్కన పెట్టకు, చాలా వెచ్చగా ఉంటుంది.

నీ తమ్ముడు ఐలయ్య