పన్నెండో బొమ్మ

మార్చి 3

మా మైనపు బొమ్మల మ్యూజియంలో ఇవాళంతా గోలే గోల. పన్నెండు బొమ్మల్ని నేలమాళిగలోని చల్లగదిలో పెట్టి సీల్ వేస్తారట. తెరిచేది వెయ్యేళ్ల తర్వాతట. అప్పటి జనం తలుపు తీసి, ఈ కాలపు గొప్పవాళ్లు వీళ్లన్నమాట అనుకుంటారని డైరెక్టర్ మురిసిపోతున్నాడు. ఎవరు గుర్తుంటారన్న దగ్గర కమిటీ జుట్లు పట్టుకుంది. టీకా కనిపెట్టిన డాక్టరమ్మకి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫుట్‌బాల్ ఆటగాడు గట్టెక్కాడు. మాజీ ప్రధాని పేరెత్తితే అందరూ నవ్వారు.

పదకొండు తేలాయి. పన్నెండో చోటుకి ఇద్దరున్నారు. ఫోన్ వీడియోల్లో గంతులేసే పొట్టోడు, మా అక్క.

నాకు ఓటు లేదు. నేను బొమ్మలకి సూదితో వెంట్రుకలు నాటేదాన్ని.

మార్చి 4

అక్క నా గదికొచ్చింది! ఇన్నేళ్లుగా తన ఇంట్లోనే వెనక గదిలో ఉంటున్నా, ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు. ఇవాళ నా మంచమ్మీద కూర్చుని చిట్టీ అని పిలిచింది. ఒకప్పటి పెద్ద హీరోయిన్. ఇప్పుడు కూరలవాడు కూడా తలెత్తి చూడడు. ఎలాగైనా ఆ గదిలో తానుండాలట. ఒక్క మాట సాయం చెయ్యవే అని బతిమాలింది.

ఆలోచిస్తానన్నాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

మార్చి 7

అక్క చేత నా బట్టలు ఇస్త్రీ చేయించాను. మడత బాగాలేదని మళ్లీ చేయించాను.

మార్చి 8, మధ్యాహ్నం

ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. మ్యూజియంలో ఉన్న అక్క బొమ్మ ముఖం అక్కది కాదు, నాది. ఎన్నో ఏళ్ల కింద ఆ బొమ్మకి కొలతలిచ్చే రోజు తనకి షూటింగ్ ఉందని, ఇద్దరిదీ ఒకే పోలికేగా, నువ్వెళ్లి కూర్చోవే అని తన మేకప్ వేసి పంపింది. అప్పటికి నేనిక్కడ చేరలేదు. కొలిచిన శిల్పి పోయాడు. ఇక తెలిసింది మా ఇద్దరికే.

ఇప్పుడేమో, సీల్ వేసేముందు పోలిక సరిచూడ్డానికి మనిషిని బొమ్మ పక్కన నిలబెట్టి కొలుస్తారట. ముక్కెముక, కళ్ల మధ్య దూరం. లావెక్కినా ముసలైనా మారనివే. ఆ మాట చెప్పగానే అక్క ముఖంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. కొలిచే మేస్త్రీ నా మాట కాదనడు. వయసుకి ఎముక అరిగిందని నేనంటే ఔనంటాడు. అలా అనమని అక్క నా కాళ్లు పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది.

సరేనన్నాను. మనస్ఫూర్తిగానే.

మార్చి 12

అక్క ముస్తాబై వచ్చింది. ఒక్కరూ లేచి నిలబడలేదు. మేస్త్రీ కొలిచాడు. కుదరలేదు. మళ్లీ కొలిచి, ఇదేంటమ్మా అని నన్నడిగాడు. చెప్పాల్సిన మాట నా నాలుక చివరే ఉంది. అంతలో కమిటీ పెద్దాయన నన్ను చూపించి, ఈవిడ మీకేమవుతుందని అక్కనడిగాడు. ఏమీ కాదండీ, మా ఇంట్లో పనులు చూసుకుంటూ పడుంటుంది అనేసింది. అలవాటు కాబోలు.

నేను వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. నన్ను కొలవమన్నాను. వెంట్రుకవాసి తేడా లేదు.

అక్క అక్కడే కూలబడింది. చెప్పొద్దూ, నా కడుపు నిండింది.

అదే రోజు, సాయంత్రం

పొట్టోడు సెలెక్ట్ అయ్యాడు. వాడికింకా బొమ్మే లేదు. అక్క బొమ్మ కరిగించి ఆ మైనంతోనే చేస్తారట. ముందు జుట్టు పీకాలి. ఆ పని నాదే.

ఇది నాకు తట్టనే లేదు. ఏం బుద్ధి నాది! ఎముక అరిగిందని అనేసి ఊరుకునుంటే, పేరు దానిదైనా ముఖం నాది ఉండిపోయేది కదా. వెయ్యేళ్లు!

మార్చి 15

కరిగించారు. ముందు ముక్కు జారింది.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను, ఏడుస్తుందని. పడీ పడీ నవ్వింది. నా సినిమాలు ఎక్కడో ఉంటాయే, ఎవడో ఒకడు ఎప్పుడో చూస్తాడు, మరి నీకేముందే అని అడిగింది.



మార్చి 24

పొట్టోడికి కనుబొమలు నాటాను. సూది దిగినప్పుడల్లా నా నుదురు చురుక్కుమంది.