పెద్దాయన సంతకం

నగరపాలక ఇంజనీరు గారికి,

సంతకం లేదు కాబట్టి మా వీధి మురుగుకాలువ మీద బండే వేయలేదని మీ మేస్త్రికి మెమో ఇచ్చారట. అయ్యా, బండ వేసి మూడు నెలలైంది. నేనే దాని మీద నిలబడి చూశాను, కదల్లేదు. తప్పు అతనిది కాదు, నాది.

పాత బండ పగిలిందని మా వారు చెప్పులరిగేలా మీ ఆఫీసు చుట్టూ తిరిగారు. తీరా పని మొదలయ్యే నాటికి ఆయన పోయారు. బండ పడ్డాక, ఫిర్యాదు చేసినవారి సంతకం కావాలంటూ మేస్త్రి పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"పెద్దాయన ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"ఇప్పుడే బయటికెళ్లారు బాబూ, సోమవారం రా" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం అతను రావడం, నేను అదే అబద్ధం చెప్పడం. ఒకసారి "మోకాళ్ల నొప్పులన్నారుగా, అంతలా తిరగొద్దని చెప్పండమ్మా" అన్నాడు. చెబుతానన్నాను.

మొన్న మెమో సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడూ సోమవారం రమ్మనే అన్నాను. మిగతా అందరికీ తెలుసు కదా, ఆయన ఉన్నారా అని అడిగే మనిషి అతనొక్కడే మిగిలాడు.

మరణ ధ్రువపత్రం జతచేస్తున్నాను. ఇచ్చింది మీ పక్క గదివాళ్లే. ఆయన సంతకానికి బదులు నాది కింద పెట్టాను. మెమో రద్దు చేయండి.

ఇక సోమవారం రానక్కర్లేదని అతనికి మీరే చెప్పండి.

ఇట్లు,
ఫిర్యాదు చేసినాయన భార్య