ముత్తక్కకు చిక్కుడుకూర తినిపించిన చేయి

ఇప్పలపాడు,
తేది 21-1-1988.

భద్రాచలంలోని సంక్షేమాధికారి వారి సముఖమునకు, ఇప్పలపాడు ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు ఎన్. వెంకటప్పయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రెండవ తరగతి విద్యార్థిని ముత్తక్క ప్రాణము, ఒక కోడిపుంజు, ప్రధానోపాధ్యాయుల వారిని గూడెమునకు పంపుట గురించి.

నీతిబోధ పీరియడు వలన పిల్లల నడవడిలో కలిగిన మార్పును తెలుపుతూ నివేదిక పంపవలసినదిగా తమ కార్యాలయపు ఉత్తరువు అందినది. ఆ పీరియడు నాదే. శుక్రవారం ఆఖరి గంట. మతము, శాంతి, కలహము, మంచితనము, ఈ నాలుగింటినీ ఆ గంటలోనే చెప్పవలెను. మార్పు కలిగినది. ఏమి మార్పో క్రింద మనవి చేసుకొనుచున్నాను.

1. మా బడిలో చదివేది చుట్టుపక్కల కోయగూడేల పిల్లలు. కొత్తగా కాసిన చిక్కుడుకాయను ఊరి తల్లికి పెట్టి పండుగ చేసేవరకు వారిళ్ళలో ఎవరూ నోట పెట్టరు. ఇది మూఢనమ్మకమని ప్రధానోపాధ్యాయులు వెంకటరామారావు గారు అందురు. పెనుబల్లిలో మా అమ్మ భారతమ్మ ఉగాది పచ్చడి దేవుడికి పెట్టనిదే కొత్త మామిడికాయ ముట్టదు. దాన్ని మేము భక్తి అనుకుంటాము. ఆమె మీద ఇంతవరకు ఎవరూ క్రమశిక్షణ చర్య తీసుకొనలేదు.

2. ఈ నెల మొదట్లో, గూడెంలో పండుగ కాకమునుపే, హాస్టలులో చిక్కుడుకాయ కూర వండించారు. పిల్లలు కూర వద్దని ఉప్పు కలుపుకొని అన్నం తిన్నారు. ఒక్కరూ గొడవ చేయలేదు. అంతకు ముందు శుక్రవారమే నేను శాంతి గురించి చెప్పి ఉన్నాను గనుక, పాఠం ఇంత బాగా వంటబట్టిందే అని లోలోపల పొంగిపోయాను. ప్రధానోపాధ్యాయుల వారు మాత్రం దీనిని సమ్మె అన్నారు.

3. సమ్మె విరమింపజేయుటకు వారు అందరిలోకీ చిన్నదైన ముత్తక్కను, ఏడవ తరగతి చదువుతున్న దాని అక్క గంగక్కను తమ గదికి పిలిపించిరి. అక్కడ ఉన్నది ఆ ఇద్దరూ, వారూ, నేనూ మాత్రమే. వద్దండీ అన్నాను. మీ పీరియడు శుక్రవారం కదా అన్నారు. తామే అన్నంలో కూర కలిపి ముత్తక్క నోట పెట్టారు. ఆయన క్రూరుడని నేను వ్రాయలేను. సొంత మనుమరాలికి పెట్టినట్లు బుజ్జగిస్తూనే పెట్టారు. నాకు మింగుడుపడనిది అదే. పిల్ల అక్క ముఖం చూస్తూ మింగింది.

4. వారం తిరగకముందే ముత్తక్కకు చలిజ్వరం వచ్చినది. ఇది జ్వరాల అడవి, దోమ ఎవరి ఆచారమూ అడగదు. సూది వేసి మాత్రలిస్తే తగ్గేదే. కానీ తల్లిదండ్రులు పిల్లను గూడెమునకు తీసుకుపోయిరి. పిల్ల కూర తిన్నదని అక్కడ తెలిసినది, ఎవరు పెట్టారో మాత్రం అక్కచెల్లెళ్ళు చెప్పలేదు. నేను వెళ్ళి గూడెం పెద్ద బొజ్జయ్యను బతిమాలుకున్నాను. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని చెప్పాడు.

"దవాఖానకు వద్దంటలేను సారూ. ఏ చెయ్యి పెట్టిందో ఆ చెయ్యే తల్లికి పుంజును మొక్కాలె. తప్పు తీరకుండ పిల్ల పొలిమేర దాటితే దక్కదు."

ప్రధానోపాధ్యాయుల వారి పేరు చెబితే గూడెం మొత్తం బడి మీదికి వస్తుందని భయపడి చెప్పలేదు. నేనే మొక్కుతానన్నాను. నువ్వు పెట్టినవా అని అడిగాడు. నీతిబోధ చెప్పేవాణ్ణి గదా, లేదన్నాను.

5. ఈ సంగతి ప్రధానోపాధ్యాయుల వారికి విన్నవించగా, ప్రభుత్వానికి మతం లేదు, నేను ప్రభుత్వోద్యోగిని, గూడెం తల్లికి కోడిని మొక్కితే ఉద్యోగపు పరువేమి కావాలి అన్నారు. పిల్ల నోట బలవంతాన కూర పెట్టినప్పుడు ప్రభుత్వపు మతమేదో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నిన్న ముత్తక్క నన్ను గుర్తుపట్టలేదు. అయ్యా, నాకు భయంగా ఉంది.

కావున తమరు వెంటనే ప్రధానోపాధ్యాయుల వారిని గూడెమునకు పోవలసినదిగా ఆజ్ఞాపించి, ఆ ప్రయాణమును విధి నిర్వహణగా పరిగణింపవలెనని ప్రార్థన. కోడిని నేనే కొన్నాను. నా గదిలో కూస్తూ ఉన్నది. దాని నిమిత్తము ప్రభుత్వము వారు ఏమియు ఇవ్వనక్కరలేదు. వారి కుడిచేతిని ఒక్క పూట ఇప్పించిన చాలును.

తీరిక చూచుకొని గాక, అందిన వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఈ ఒక్క విషయములో ప్రధానోపాధ్యాయుల వారికి అవిధేయుడు)
ఎన్. వెంకటప్పయ్య

తా.క. తేది 22-1-1988.

ఈ అర్జీ టపాలో వేయకముందే సంగతి మారిపోయింది. ప్రధానోపాధ్యాయుల వారిని ఇక పంపనక్కరలేదు.

నిన్న సాయంత్రం గంగక్క వచ్చి పుంజునిమ్మంది. ఇచ్చి వెనకే వెళ్ళాను. గూడెంలో అందరి ముందూ నిలబడి, చెల్లెలి నోట కూర పెట్టింది తన చెయ్యే అని చెప్పింది. బొజ్జయ్య దాని చేత మొక్కించి, అప్పటికప్పుడే బండి కట్టించాడు. ముత్తక్క ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో ఉంది. బతుకుతుందని డాక్టరుగారు అన్నారట.

ఈ ఏడు గంగక్కను పండుగకు రానివ్వరు. చెల్లెలి మీదికి జ్వరం తెచ్చిన చెయ్యి అని నలుగురూ అంటున్నారు. బడి వల్లనే ఇట్లా తయారైందని తండ్రి దాన్ని బడి మాన్పించి, కల్లూరు వైపు మిరపకాయ కోతకు పంపుతానంటున్నాడు. వారం వారం మా నల్లబల్లమీద "సత్యమునే పలుకవలెను" అని గుండ్రంగా రాసే పిల్ల అది. ఆ అబద్ధమేదో నేను ఆడి ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు.

ఇవాళ ఉదయం ప్రధానోపాధ్యాయుల వారు ఒక కాగితం తెచ్చారు. కూర తినిపించినది అక్కయే, పాఠశాలకు సంబంధం లేదు అని రాసి ఉంది. నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. పెడితే ఆ తప్పు గంగక్క మీద సర్కారు కాగితంలో నిలిచిపోతుంది. పెట్టక నిజం బయటపెడితే మొక్కు చెల్లలేదని దవాఖానా నుంచి పిల్లను ఎత్తుకొచ్చేస్తారు. కాగితం నా జేబులోనే ఉంది.

పిల్లల నడవడిలో మార్పు గురించి తమరడిగిన నివేదిక ఇదే. ఏదో ఒక సాకున తమరు ఈ వైపు వచ్చి, ఆ తండ్రికి నచ్చజెప్పి, గంగక్కను మళ్ళీ బడికి పంపించేటట్లు చూడండి. ఇది మాత్రం ఫైలులో పెట్టకండి, చదివి కాల్చేయండి.

బండి కదిలేటప్పుడు గంగక్క నా దగ్గరికొచ్చి, "నేను చెప్పింది అబద్ధమని ఎవలకు చెప్పవు గద సారూ?" అంది. చెప్పనని మాటిచ్చాను. తమరు కూడా చెప్పకండి.