మా జెస్సీకి పలకపొడి పూయరాదు

మనమరాలు పుట్టింది. పుట్టి, పాలు తాగి, వార్డులో అందరి ముందర వెలిగింది. ఎవరూ రాయి వెయ్యలేదు.

వీలునామా ఇట్ల మొదలుపెట్టకూడదంట, అల్లుడు వినయ్ కుమార్ అంటున్నాడు. సరే, పద్ధతిగానే రాస్తాను. మార్కాపురం పలకల గనుల్లో వయసంతా రాయి చీల్చిన గుండాల సుందరరాజు అనే నేను, ఐదో తరగతి చదివినవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా, సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. రాసేటప్పుడు నా చేతులు మోచేతుల దాకా వెలుగుతున్నాయి. అది చూసి ముసలాయనకు మతి తప్పిందని ఎవరూ కోర్టుకు పోవద్దు. సంతోషమొస్తే ఒళ్ళు వెలగడం మన వెలుగుజనానికి పుట్టుకతో వచ్చింది. మతి బాగుంది. దగ్గే బాగలేదు.

రేపు ఇది చదివే పిల్లలకు తెలియాల. మనుషులు మనల్ని మిణుగురోళ్ళన్నారు. మనం వెలిగినచోట భూమిలో నిధి ఉంటుందని మా తాతను కట్టేసి గిద్దలూరు అడవికి తీసుకుపోయినారు. గుంత తవ్వినారు, తాత తిరిగి రాలేదు. మనల్ని పట్టుకోవడానికి సంతల్లో నవ్వించేవాళ్ళను నిలబెట్టినారు. నవ్వి వెలిగినవాడు దొరికిపోయినాడు. అందుకే మన పెద్దలు గనుల్లోకి వచ్చినారు. అక్కడ పలకపొడి అందరి ఒళ్ళూ ఒకటే రంగు చేస్తుంది, దాని కింద వెలుగు కనపడదు. మన ఆడవాళ్ళు పాడుబడిన గనుల్లోనే కన్నారు. పదో రోజున బిడ్డకు పొడి నూనెలో కలిపి పూసి, అప్పుడు బయటికి తెచ్చినారు. ఆ పొడే మనల్ని బతికించింది. ఆ పొడే ఇప్పుడు నా ఊపిరితిత్తుల్లో కూర్చున్నది. జెస్సీ పదో రోజు దాకా నేనుంటానో లేదో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. అందుకే ఈ తొందర.

జరిగింది ఇది. మా అమ్మాయి హెప్సిబాకు కాన్పు కష్టమై, గనిలో కాదని ఆసుపత్రికి తీసుకుపోయినాం. బిడ్డ పుట్టిన సాయంత్రమే గాలివాన కొట్టి కరెంటు పోయింది. ఆ చీకట్లో పాలు నోటికి తగిలి బిడ్డ వెలిగింది. నేను బిడ్డ మీద కప్పాలని దుప్పటి పట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయినా. పక్క మంచంలో రజియా బేగం అని కంభం పిల్ల, ఆమెకూ ఆ పూటే కాన్పు. అక్కా, పాపను ఇటు తిప్పు, నా కొడుకు మొఖం నేనింకా సరిగ్గా చూడనేలేదు, అన్నది. నర్సు ఉషారాణి ఆ వెలుగులోనే సూది వేసి, జనరేటరు కన్నా ఈ పిల్లే నయం, చప్పుడు లేదు, అన్నది. వార్డంతా నవ్వినారు. నేనూ నవ్వినా. దుప్పటి కప్పుకోకుండా నవ్వినా.

ఇక ఆస్తి సంగతి.

1. నా మనమరాలు జెస్సీకి పదో రోజున గానీ, ఎన్నడు గానీ పలకపొడి పూయరాదు. కింద రాసినవన్నీ ఈ షరతుకు లోబడే. బయట అందరూ రజియాలు కారు, నాకు తెలుసు. రాయి పడితే బిడ్డను ఎత్తుకొని లోపలికి రండి, తలుపేసుకోండి. పొడి మాత్రం పూయొద్దు.

2. నా రేకుల ఇల్లు హెప్సిబాకు, ఆమె తర్వాత జెస్సీకి. వెలుగు బయటపడుతుందని మా నాయన దానికి కిటికీ పెట్టలేదు. వీధి వైపు గోడకు కిటికీ కొట్టించవలె. పెద్దదే కొట్టించండి.

3. పలకపొడి డబ్బా ఎవరికీ లేదు. నన్ను పూడ్చే పెట్టెలో, కాళ్ళ దగ్గర పెట్టండి.

4. నా రెండు మేకలు, వరసకు వదినయ్యే అన్నమ్మకు. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు వెలగకుండా, పక్కన కూర్చొని చావు కథలు చెప్పే పని ఆమెది. నా పెళ్ళిలో నా భార్య ప్రేమకుమారికి ఎన్ని చావులు చెప్పిందో. తప్పు కాదు, అట్లనే బతికినాం. ఇకమీదట వదిన జెస్సీకి నవ్వొచ్చే కథలు చెప్పవలె. ఆమెకు ఒక్కటీ రాదు. నేర్చుకోవలె.

5. ఒకే రాయిని చీల్చి నేను చేసిన రెండు పలకల్లో ఒకటి జెస్సీకి, ఒకటి రజియా కొడుక్కు. పక్కపక్కన పెడితే చారలు కలుస్తాయి.

6. మా నాయన గొంగళి మా అన్న ఆశీర్వాదానికి. అన్న పొదిలిలో బట్టల దుకాణం పెట్టుకొని మనిషిగా చెలామణి అవుతున్నాడు. మన చావులన్నిటికీ వచ్చినాడు, ఒక్క పెళ్ళికి రాలేదు. ఏడుపుకైతే భయం లేదు కదా. ఈ మాట ఇన్నేండ్లూ కడుపులో పెట్టుకున్నా, ఇక్కడ దించుతున్నా. చిన్నప్పుడు ఆ గొంగళి కిందనే ఇద్దరం దాక్కొని నవ్వుకున్నాం. అన్న వెలుగే ఎక్కువ.

వీటిని నెరవేర్చే బాధ్యత వినయ్ కుమార్‌ది.

2025 మే 14, మార్కాపురం.
గుండాల సుందరరాజు (సంతకం)
సాక్షులు: రజియా బేగం, ఉషారాణి. ఇద్దరూ మనుషులే. మన కాగితం మీద మనుషుల సంతకం ఇదే మొదలు.

కబురు చేరవలసినవాళ్ళు:

బేస్తవారిపేటలో అన్నమ్మ వదినకు. మంచి కబురు చెడ్డమాటగా పంపడం మన అలవాటు, బిడ్డ పుడితే గేదె చచ్చిందంటాం. నేను ఫోన్‌లో ఆడపిల్ల పుట్టింది వదినా అంటే, ఎవరు పోయినారు నాయనా అని ఏడుపు మొదలుపెట్టింది. బిడ్డను ఎత్తుకొని పోయి చూపించండి.

దొనకొండ స్టేషన్ దగ్గర టీ అమ్మే మా చెల్లెలు నాగజ్యోతికి. ముందు చేతిలో గ్లాసులు తీసుకొని, అప్పుడు చెప్పండి.

ప్రేమకుమారికి, సమాధి దగ్గర. గట్టిగానే చెప్పండి, పక్కన ఎవరు విన్నా పర్లేదు.

ఆఖరున మా అన్నకు. మిట్టమధ్యాహ్నం పోండి. దుకాణంలో చెప్పొద్దు, అక్కడ నీడ. రోడ్డు మీదికి, ఎండలోకి పిలిచి చెప్పండి. ఆ ఎండలో ఎంత వెలిగినా ఎవరికీ కనపడదు.