అత్వెల్లి వెంచర్ల నా పీఎఫ్

2005, ఆదివారం రాత్రి

రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్ పైసలన్నీ మా మరిది శంకర్ వెంచర్ల పెట్టిన. అవి ఏమైతున్నయో చూద్దామని ఇయ్యాల అత్వెల్లి పోయి సైటు ఆఫీసుల కూసున్న.

జీడిమెట్ల ఫ్యాక్టరీల పనిచేసే కోస్తా ఆయన, భార్యతోని ప్లాటు చూడ వచ్చిండు. శంకర్ మ్యాపు పరిచి, "బస్టాపు పక్కనే, నీళ్లు మస్తు. మా వదిన సుత ఇండ్ల పైసలు పెట్టింది" అని నన్ను చూపెట్టిండు. బడిల లెక్కలు చెప్పిన నోరు ఊకుంటదా? "బస్టాపుకు ఆటోల పోవాలె. బోరు ఏసిన్రు గానీ నీళ్లు పడలే" అన్న. శంకర్ మొహం మాడిపోయింది.

"మరి మీరెందుకు పెట్టారండీ?" అని అడిగిందామె.

"మావోల్లది కదా అని పీఎఫ్ అంతా పెట్టిన. ఇగ భయమైతాంది" అన్న.

ఆలుమగలు ఒకర్నొకరు చూసుకున్నరు. "మీ డబ్బులే ఇందులో ఉన్నాయంటే మాకు ధైర్యమే" అని అడ్వాన్సు ఇచ్చి పోయిన్రు.

బండి మీద ఇంటికాడ దింపుతూ శంకర్, "వచ్చే ఆదివారం సుత రా వదినా. బోరు ముచ్చట ఇడిచిపెట్టి, గా భయం ముచ్చట ఒక్కటే చెప్పు" అన్నడు.

అప్పుడు నవ్వొచ్చింది గానీ ఇప్పుడు నిద్ర వస్తలేదు. వాళ్లు నన్ను చూసి పెట్టిన్రు. నేను శంకర్‌ను చూసి పెట్టిన. శంకర్ ఎవర్ని చూసి పెట్టిండో రేపు అడగాలె...